కడిగి తెచ్చిన శాంపిల్స్

ఆ ల్యాబ్‌లో ఆమెకు జీతం ఇచ్చేదే అనుమానించడానికి. పక్షులకు వచ్చే వైరస్ జబ్బులను పట్టుకునే ల్యాబ్ అది. ఎక్కడ కోడి దగ్గినా, బాతు తూలినా, ఆ పక్షి ఒంట్లో తిప్పిన దూది పుల్ల, అదే స్వాబ్, చిన్న ట్యూబులో కూర్చుని ఆమె బల్ల మీదికి రావలసిందే. వచ్చిన ప్రతి ట్యూబునూ ఆమె దొంగను చూసినట్టు చూసేది. మూత బిగుతుగా ఉందా, లేబుల్ మీది అంకె, కాగితం మీది అంకె ఒకటేనా, ఐస్ కరిగిపోయి మళ్లీ గడ్డకట్టిందా. అన్నీ సరిగ్గా ఉన్నా చివర్లో ఒకసారి ముక్కు చిట్లించేది. అందుకే అక్కడందరూ ఆమెను అనుమానం మేడమ్ అనేవారు. ఎదురుగా కాదు లెండి. కానీ అలా అంటారని ఆమెకు అనుమానం ఉండనే ఉంది.

ఈ గుణం వాళ్ల నాన్న నుంచి వచ్చింది. ఆయన ముప్పై నాలుగేళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఇంటికి చుట్టాలొస్తే ఎక్కడ ఎక్కారో, ఎక్కడ దిగారో రెండుసార్లు అడిగి, రెండు జవాబులూ కలిశాకే కాఫీ పెట్టిస్తాడు.

అలాంటి మేడమ్ ముందుకు, ఒక సోమవారం, రిసెప్షన్ కిటికీ మూసే వేళకు ఒకతను వచ్చాడు. బయట కుండపోతగా వాన. మనిషి తడిసి ముద్దయ్యాడు కానీ చేతిలోని థర్మాకోల్ పెట్టె మీద చుక్క నీరు లేదు. తన రెయిన్‌కోటు తీసి పెట్టెకు తొడిగాడు మరి.

"కోళ్ల శాంపిల్స్ అండీ. చెరువవతల మా మేనత్త కోళ్ల ఫారం. వారం వారం పంపమని నోటీసు వచ్చింది."

నోటీసు సంగతి ఆమెకు తెలుసు. చెరువులో నాలుగు అడవి బాతులు చచ్చి తేలితే, వాటికి బర్డ్ ఫ్లూ అని తేల్చింది ఆమే. అప్పటినుంచి చెరువు చుట్టూ ఉన్న ప్రతి ఫారం నుంచీ వారానికి పన్నెండు కోళ్ల శాంపిల్స్ రావాలి. ఈ పని కోసం ఫారానికొకరికి రెండు రోజులు శిక్షణ ఇచ్చి కార్డు ఇచ్చారు. ఇతని మెడలోనూ ఆ కార్డు వేలాడుతోంది. ఫోటోలో కూడా తడిసినట్టే ఉన్నాడు.

ఆమె పెట్టె తెరిచి, ఒక ట్యూబు వెలుతురులో పెట్టి చూసింది. లోపలంతా చిక్కటి రెట్ట.

"ఏంటివి?"

"శాంపిల్స్."

"శాంపిల్సా, షెడ్డు ఊడ్చి తెచ్చారా?"

"కోడి వెనకభాగంలోంచి తీయమన్నారు కదండీ. అక్కడ ఇంకేం దొరుకుతుంది?"

రిసెప్షన్‌లో కూర్చునే అక్క నవ్వు ఆపుకోలేక రిజిస్టరు వెనక దాక్కుంది. మేడమ్‌కు మాత్రం నవ్వు రాలేదు.

"ఇంత మురికి మిషన్‌లోకి వెళ్తే వైరస్ ఉన్నా లేదని చెబుతుంది. ఇవి నాకొద్దు. రేపు మళ్లీ తీసి తీసుకురండి. శుభ్రంగా తీసుకురండి. శుభ్రంగా అంటే అర్థమైందిగా?"

"అర్థమైందండీ."

ఏం అర్థమైందో చెప్పమని ఆమె అడగలేదు. అన్నీ రెండుసార్లు అడిగే మనిషి ఆ ఒక్కటీ ఒకసారైనా అడగలేదు.

మర్నాడు తెచ్చిన ట్యూబులు బాగానే ఉన్నాయి. ఆ తర్వాతి సోమవారం ఇంకా బాగున్నాయి. మూడో వారానికి అతను రాగానే రిసెప్షన్ అక్క లోపలికి తొంగిచూసి "మేడమ్, సోమవారం వచ్చాడు" అనడం మొదలుపెట్టింది. అతనికి సోమవారం అన్న పేరు అలా నిలిచిపోయింది.

మిగతా ఫారాలవాళ్లంతా పెట్టెలు కొరియర్లో పంపేవారు. ఇతను మాత్రం స్వయంగా వచ్చేవాడు. వచ్చి, రసీదు తీసుకుని, పోకుండా నిలబడేవాడు. నిలబడి ప్రశ్నలు అడిగేవాడు.

"ఐస్‌లో వైరస్ ఎన్నాళ్లు బతుకుతుందండీ?"

"సరిగ్గా ఉంచితే రోజులు. ఎందుకు?"

"ఊరికే. సబ్బునీళ్లు తగిలితే చస్తుందా?"

"చస్తుంది."

"మరి మీ పరీక్షకు దొరక్కుండా తప్పించుకునే వైరస్‌లు ఉంటాయా?"

ఆమె మాస్కు కిందికి లాగి అతన్ని పరీక్షగా చూసింది. అతను కూడా చూశాడు. దొంగలు కళ్లలోకి చూడరంటారు, ఇతను చూపు తిప్పుకోవడం లేదు. అది ఇంకా అనుమానంగా అనిపించింది.

ఆ సాయంత్రం ఇంట్లో అడిగింది. "నాన్నా, ఒక మనిషి అవసరం లేకుండా ప్రశ్నలు వేస్తూ నిలబడ్డాడంటే ఏమిటర్థం?"

ఆయన పేపరు దించాడు. "టికెట్ లేదని అర్థం. టికెట్ ఉన్నవాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాడు. లేనివాడే మనల్ని మాటల్లో పెడతాడు. ఎవరతను?"

"ఎవరో ఒకతను."

"వయసెంత?"

"నాన్నా, నేను పని గురించి అడుగుతున్నాను."

"నేనూ పని గురించే అడుగుతున్నానమ్మా" అని ఆయన మళ్లీ పేపరు ఎత్తాడు.

నాలుగో సోమవారం వచ్చిన ట్యూబులు చూసి ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుంది. పన్నెండు ట్యూబుల్లోనూ స్వాబులు ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఉన్నాయి. కోడి ఒంట్లోకి వెళ్లొచ్చిన దూది అంత తెల్లగా ఉండటం ఆమె ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు.

అనుమానం వచ్చినప్పుడు మాత్రమే చేసే పరీక్ష ఒకటుంది. స్వాబ్ నిజంగా కోడిని తాకి ఉంటే, దూదికి కోడి కణాలు కాసిని అంటుకుంటాయి. పీసీఆర్ మిషన్‌లో వైరస్ జన్యువును వెతికినట్టే కోడి జన్యువునూ వెతకవచ్చు. తెర మీద గీత త్వరగా పైకి లేస్తే కోడి ఉన్నట్టు. ఆమె పన్నెండు ట్యూబులూ ఎక్కించి తెర ముందు కూర్చుంది. మిషన్ ముప్పై చుట్లు తిరిగినా గీతలు నేలనే పట్టుకుని ఉన్నాయి. ముప్పై ఏడో చుట్టు దగ్గర రెండు గీతలు బద్ధకంగా తలెత్తాయి, అంతే. ఫ్రిజ్‌లో ఉన్న పాత మూడు వారాల ట్యూబులు కూడా తీసి చూసింది. అవీ దాదాపు అంతే.

వైరస్ లేదు, సరే. కోడి కూడా లేదు. మూడు వారాలుగా ఆమె ఏమీ లేని నీళ్లకు జబ్బు లేదని సంతకం పెట్టింది.

ల్యాబ్ పెద్దసారు తన గదిలో రిపోర్టు చూసి కళ్లద్దాలు తీశాడు. "అతను కోళ్లను ముట్టుకోకుండానే పంపుతున్నాడంటావా?"

"అనుమానం సార్."

"ఎందుకలా చేస్తాడు?"

"షెడ్డులో జబ్బు ఉంటే దాచడానికి."

"అయితే రేపు సాయంత్రానికి రాసివ్వు. శాంపిల్స్‌లో మోసం అని నువ్వు రాస్తే అతని కార్డు రద్దవుతుంది, కేసు అవుతుంది. జబ్బు దాచినవాళ్ల కోళ్లను ఒక్కటి మిగలకుండా చంపమని ఆర్డరు ఉంది. ఆ ఫారంలో పదకొండు వేలున్నాయి. రాయకుండా ఊరుకుంటే, నిజంగా జబ్బు ఉంటే, చెరువు చుట్టూ పాకుతుంది. ఆ రిపోర్టుల మీద ఉన్నది నీ సంతకం. ఆలోచించుకో."

ఆమెకు ఆలోచించడానికి ఏమీ లేదు. రుజువు తెర మీద ఉంది. కానీ ఒక చిన్న సంగతి ఆమెను నమిలేస్తోంది. ఈ మూడు వారాలుగా సోమవారం పొద్దున అద్దం ముందు రెండు నిమిషాలు ఎక్కువ నిలబడుతోంది. ఎవరి కోసమో ఒప్పుకోలేదు కానీ తనమీద తనకే అనుమానంగా ఉంది. ఒక మోసగాడి కోసం నిలబడ్డానా అనుకుంటే ఒళ్లు మండిపోయింది.

మంగళవారం తెల్లారగానే, చెప్పాపెట్టకుండా ఫారానికి వెళ్లింది.

గేటు దగ్గర గుడ్ల ట్రేలు వ్యానులోకి ఎక్కిస్తున్న ఒకావిడ చేతులు దులుపుకుని వచ్చింది. నెరిసిన జుట్టు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. "ఎవరమ్మా? గుడ్లు విడిగా అమ్మం."

"గుడ్లకు రాలేదండీ. ల్యాబ్ నుంచి వచ్చాను."

ఆవిడ ఆమెను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. "ఓహో. ఆ అమ్మాయివి నువ్వేనా?"

"ఆ అమ్మాయి అంటే?"

"ఏం లేదులే. బూట్లు ఆ మందునీళ్లలో ముంచి లోపలికి రా. ఒరేయ్, నీకోసం వచ్చార్రా."

షెడ్డులోంచి వచ్చిన అతను ఆమెను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ముఖం వెలిగిపోయింది. తప్పు చేసినవాడి ముఖం అలా వెలగకూడదు. నటన అనుకుంది.

"నా ముందు నాలుగు కోళ్లకు శాంపిల్ తీయండి."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే. ఏం, ఇబ్బందా?"

అతను గ్లౌజులు తొడుక్కుని ఒక కోడిని చంకలో ఇరికించుకున్నాడు. "ఒక్క నిమిషం తల్లీ, మేడమ్ చూస్తున్నారు, పరువు తీయకు" అని దాని చెవిలో చెప్పాడు. గొంతులో ఒక స్వాబ్, వెనక ఒక స్వాబ్. పద్ధతిగా, తొందరలేకుండా. ఆమె కూడా అంత బాగా తీయలేదు. కోడిని ముట్టుకోవడం లేదన్న అనుమానం ఆ క్షణమే గాలికి పోయింది. మరి కోడి ఏమైనట్టు?

అప్పుడతను స్వాబులను పక్కనున్న గ్లాసులో ముంచాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు జాడించాడు. వెలుతురులో పెట్టి చూసుకుని, తృప్తిగా ట్యూబులో వేసి మూత పెట్టాడు.

"ఆగండి. ఏం చేశారిప్పుడు?"

"కడిగానండీ."

"ఏంటి?"

"కాచి చల్లార్చిన ఉప్పునీళ్లు. మీరే కదా శుభ్రంగా తెమ్మన్నది. మొదట్లో ఒక్కసారే ముంచేవాణ్ణి. కొంచెం మరక మిగిలేది. మీకు నచ్చదేమోనని మూడుసార్లు చేశాను."

వెనక నుంచి అత్త అంది, "నేను చెప్తూనే ఉన్నానమ్మా, అంత కడగాలట్రా అని. వింటేనా. మా మేడమ్‌కి మురికి పడదు అంటాడు."

"కడిగితే వైరస్ అందులో ఎక్కడుంటుంది? గ్లాసులో ఉంటుంది." ఆమె గొంతు పెరిగింది. "శుభ్రంగా అంటే రెట్ట గడ్డలు రాకుండా, ఎక్కువైతే ట్యూబు అంచుకు నొక్కి తీయమని."

"ఆ ముక్క మీరు చెప్పలేదండీ."

"మీరు కావాలని కడగలేదని నేనెలా నమ్మను?"

అతని ముఖంలో వెలుగు పోయింది. అప్పటికి అర్థమైంది ఆమె ఎందుకు వచ్చిందో. "ప్రతివారం కాగితం వెనక రాశాను కదా. చదవలేదా?"

శాంపిల్‌తో వచ్చే వివరాల కాగితానికి వెనక, సూచనలు అని నాలుగు గీతలుంటాయి. ఆ గీతల మీద ఎవరూ ఏదీ రాయరు. ఆమె ఆ పేజీ తిప్పి ఎన్నాళ్లయిందో గుర్తులేదు. అరవై కోళ్లకు తానే స్వాబులు తీసి, పెట్టె తీసుకుని వచ్చేసింది. గేటు దాటేటప్పుడు అతను వీడ్కోలు చెప్పలేదు.

ల్యాబ్‌కు రాగానే పెట్టె మిషన్ గదిలో ఇచ్చేసి, ఫైలు బీరువా తెరిచింది. నాలుగు కాగితాలూ తిప్పింది.

మొదటిదాని వెనక: మేడమ్ గారు చెప్పిన ప్రకారం స్వాబులు ఉప్పునీటిలో ఒకసారి కడిగి పంపడమైనది. రెండోదాని వెనక: రెండుసార్లు కడగడమైనది. మూడోదాని వెనక: మూడుసార్లు కడగడమైనది, ఇప్పుడు సరిపోయాయా, దయచేసి తెలియజేయగలరు. నాలుగోదాని వెనక అదే మాట, దాని కింద ఇంకో వాక్యం: కిందటి సోమవారం కోళ్లన్నిటికీ కొక్కెర తెగులు రాకుండా చుక్కల మందు వేయడమైనది.

గుండ్రటి చేతిరాత. ఒక్క కొట్టివేత లేదు. నాలుగు వారాలుగా ఆ మనిషి రాస్తూనే ఉన్నాడు, ఆమె పేజీ తిప్పలేదు. లోకంలో అందరినీ అనుమానించిన ఆమె తనను తాను మాత్రం తనిఖీ చేసుకోలేదు.

ఆ నాలుగు కాగితాలూ బయట పెడితే తప్పు ఆమెది. పెట్టకపోతే అతనిది. వెనక పేజీ ఎవరూ చూడరు. ఆమె వాటికి నకళ్లు తీసి, తన ఉత్తరానికి పిన్ను చేసి, గడువు కాకముందే పెద్దసారు బల్ల మీద పెట్టింది. శాంపిల్స్‌లో మోసం లేదు, పొరపాటుంది, ఆ పొరపాటు నా మాట వల్ల జరిగింది అని రాసింది.

ఆయన రెండుసార్లు చదివాడు. "నీకు మెమో వస్తుంది, తెలుసుగా?"

"తెలుసు సార్."

కొత్త శాంపిల్స్‌లో కోడి గీతలు టకటకా లేచాయి. ఫ్లూ గీత ఒక్కటీ లేవలేదు. పెద్దసారు మాత్రం తృప్తిపడలేదు. "నెల రోజులు పోయాయి. గుడ్లలో కూడా పెంచి చూడు. అందాకా ఆ ఫారం గేటు మూసే ఉండాలి. గుడ్డు బయటికి పోకూడదు, మనిషి బయటికి రాకూడదు."

పదిరోజులు పొదిగిన గుడ్డుకు చిన్న రంధ్రం చేసి, సూదితో శాంపిల్ ఎక్కించి, మైనంతో మూస్తారు. వైరస్ ఉంటే లోపల పెరుగుతుంది. రోజూ చీకటి గదిలో గుడ్డు వెనక దీపం పెట్టి, పిండం బతికుందో లేదో చూడాలి. ఆ పని అయ్యే వేళకు రోజూ ఆమెకు అతని ఫోను వచ్చేది.

"గుడ్లు ఎలా ఉన్నాయండీ?" మొదటిరోజు గొంతులో కోపం మిగిలే ఉంది.

"బతికే ఉన్నాయి. ఎర్రటి నరాలు కనిపిస్తున్నాయి. ఒకటి కాలు తన్నింది."

"మంచిది." ఫోను పెట్టేశాడు.

మూడో రోజుకు కోపం తగ్గింది. "గుడ్లు సరే. మీరు భోంచేశారా?"

"ఎందుకడుగుతున్నారు?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ ఏదీ అడగరు."

"మీరు ఇన్ని అడుగుతారు, నేను ఒక్కటి అడక్కూడదా?"

ఆమె చీకట్లో ఒంటరిగా నవ్వుకుంది. ఆ తర్వాత చెప్పాల్సింది చెప్పేసింది. "మీరు రాసింది చదివాను. ముందే చదవాల్సింది. తప్పు నాది."

అవతల కోళ్లు గోల చేస్తున్నాయి. "సరే అయితే, వెళ్లి భోంచేయండి" అన్నాడు.

ఆరో రోజు, సోమవారం. గుడ్లలోంచి తీసిన నీటిని గుంటల ప్లేటులో కోడి రక్తకణాలతో కలిపింది. వైరస్ లేకపోతే కణాలన్నీ అడుగుకు దిగి ఎర్రటి చుక్క కడతాయి. ఉంటే ఒకదాన్నొకటి పట్టుకుని గుంటంతా పరుచుకుంటాయి. అరగంట తర్వాత చూస్తే అన్నీ చుక్కలే. రెండు గుంటలు మాత్రం పరుచుకున్నాయి.

వైరస్ ఉంది.

పెద్దసారు ప్లేటు చూసి ఫోను అందుకున్నాడు. "ఇంకా ఏం చూస్తాం? పైవాళ్లకు చెప్పేద్దాం."

"ఏ వైరసో తెలియదు సార్. ఒక్క గంట ఆగండి."

"అతన్ని నమ్ముతున్నావా?"

"అతను రాసింది నమ్ముతున్నాను సార్. చుక్కల మందు వేశామని రాశాడు. ఆ మందులో ఉండేది కూడా బతికున్న వైరసే."

ఆయన ఫోను పట్టుకునే కూర్చున్నాడు. ఆమె ఫ్లూను అణిచే సీరం ఒక వరసలో, కొక్కెర తెగులును అణిచే సీరం ఇంకో వరసలో పోసింది. ఏ సీరంతో కణాలు మళ్లీ చుక్క కడితే ఆ వైరస్ అన్నమాట. ఫ్లూ వరస పరుచుకునే ఉంది. రెండో వరసలో మెల్లగా, ఒక్కొక్కటిగా, ఎర్రటి చుక్కలు. జన్యు పరీక్షలో కూడా టీకాలో వాడే బలహీనమైన రకమనే తేలింది. ఆరోగ్యంగా ఉన్న కోళ్లకు వేసిన మందు, అంతే.

ఆమె ఫోను చేసింది. "చుక్కల మందు ఎప్పుడు వేశారు?"

"కాగితంలో రాశాను కదండీ."

"రాశారని తెలుసు. మీ నోట వినాలనిపించింది. గేటు తెరుచుకోండి."

మర్నాడు రిసెప్షన్ అక్క లోపలికి తొంగిచూసి తికమకపడింది. "మేడమ్, సోమవారం మంగళవారం వచ్చాడు."

అతని చేతిలో పెట్టె లేదు. రిపోర్టు ఉంది, దాని వెనక పిన్ను చేసిన ఆమె ఉత్తరం నకలు ఉంది. "మూడు నెలలు రిపోర్టుల మీద సంతకం పెట్టకూడదట మీరు. ఇందులో మీ తప్పని ఎందుకు రాశారు? నన్నడిగితే నేనే ఒప్పుకునేవాణ్ణిగా."

"అందుకే అడగలేదు. శాంపిల్స్ ఏవి?"

"ఈ వారం కొరియర్లో పంపాను. కడక్కుండా."

"మరి మీరెందుకొచ్చారు?"

అతను రిపోర్టు మడిచాడు, మళ్లీ విప్పాడు. "ఐస్‌లో వైరస్ ఎన్నాళ్లు బతుకుతుందో నాకు శిక్షణలోనే చెప్పారండీ. సబ్బునీళ్ల సంగతీ చెప్పారు."

"తెలిసే అడిగారా?"

"జవాబు చెప్పేటప్పుడు మీరు మాస్కు కిందికి లాగుతారు. ముఖం కనిపించేది అప్పుడొక్కటే. నేను పరీక్షలు తెలుసుకోవడానికి రాలేదు. మిమ్మల్ని చూడ్డానికి వచ్చాను. మీరంటే నాకు ఇష్టం. మొదటిరోజు తిట్టినప్పటినుంచీ."

రిసెప్షన్ అక్క రిజిస్టరులో ఏమీ రాయకుండా పెన్ను పట్టుకుని కూర్చుంది. మేడమ్ అతని ముఖం వైపు చూసింది. ఆమెకు సంతోషంగా ఉంది, భయంగా కూడా ఉంది. అడగాల్సినవి బోలెడు ఉన్నాయి. అవన్నీ పక్కన పెట్టింది. మాస్కు పూర్తిగా తీసి జేబులో పెట్టుకుంది.

బయట వానలో హారన్ మోగింది. గేటు ముందు గుడ్ల వ్యాను, స్టీరింగు వెనక అత్త. ఇద్దరూ వానలోనే అక్కడికి నడిచారు. అత్త కిటికీ అద్దం దించి, ఆరు రోజుల గుడ్లు గదిలో పేర్చుకున్న కోపమంతా కళ్లలో పెట్టుకుని ఆమెను చూసింది.

"ఏమ్మా, నా గేటు మూయించావు. సరే, నీ పని నువ్వు చేశావు. వీడు పొద్దున్నుంచీ అద్దం ముందు ఏదో వల్లె వేసుకుంటున్నాడు. అది చెప్పాడా?"

"చెప్పారు."

"నమ్మావా, లేక దానికీ పరీక్ష పెడతావా?"

"నమ్మాను, అత్తయ్యా."

అతను తలెత్తాడు. అత్త పక్క సీటు మీది ఖాళీ ట్రేలు తీసి అతని చేతుల్లో పెట్టింది.

"నువ్వు వెనక్కెళ్లి గుడ్ల మధ్య కూర్చోరా. పిల్ల ముందు కూర్చుంటుంది. సెలవు చెప్పి రామ్మా, మీ ఇల్లెక్కడో చూపిద్దువుగాని. మీ నాన్నగారితో మాట్లాడాలి."